ఎత్తు చూసి బాక్సర్లను ఎంచకండి: పాలమూరు, నల్గొండ పిల్లల తరఫున ఒక బహిరంగ లేఖ

రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి, స్పోర్ట్స్ అథారిటీ అధికారులకు,

నమస్కారం.

నేను దేవరకొండ డివిజన్‌లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా పిల్లల్లో ఎక్కువమంది తండాల నుంచి వస్తారు. రాష్ట్రానికి కొత్త స్పోర్ట్స్ పాలసీ వచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందని ఖాయమైంది. మంత్రి గారూ, మీరే మక్తల్ నుంచి వచ్చినవారు, మా ప్రాంతం సంగతి మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టి సూటిగా అడుగుతున్నాను. దక్షిణ తెలంగాణలో బాక్సింగ్ మొదలుపెట్టండి. కానీ ఎత్తూ ఛాతీ చూసి పిల్లల్ని ఏరుకునే పద్ధతిలో మాత్రం మొదలుపెట్టకండి.

బాక్సర్ అనగానే మన మనసులో ఆరడుగుల మనిషి, వెడల్పు ఛాతీ, మందపాటి మెడ కనిపిస్తాయి. "మన పిల్లలు బక్కపలచన సార్, హర్యానా వాళ్ల ముందు ఏం నిలబడతారు" అనే మాట టీచర్ల నోట, తల్లిదండ్రుల నోట, కొన్నిసార్లు సెలక్షన్ చేసేవాళ్ల నోట కూడా వింటుంటాను. ఆ మాట వల్ల ఎంతమంది పిల్లలు గ్రౌండ్ దాకా రాకుండానే ఆగిపోయారో తలచుకుంటే బాధేస్తుంది. బాక్సింగ్ బరువుల ప్రకారం ఆడే ఆట. 48 కిలోల అమ్మాయి 48 కిలోల అమ్మాయితోనే తలపడుతుంది. వాలీబాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో పొట్టి పిల్లలకు అడ్డుగోడ ఉంటుంది. ఇక్కడ ఆ గోడను రూల్ బుక్కే తీసేసింది.

ఒకే బరువులో చేతులు పొడవున్నవాళ్లకు కొంత లాభం ఉన్న మాట నిజమే. ఎదుటివాడి చేయి అందని దూరం నుంచి జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ) వేయొచ్చు. అలాగని అదే అంతా కాదు. హర్యానాకు చెందిన అమిత్ పంఘాల్ తన బరువులో చాలామంది ప్రత్యర్థుల కంటే పొట్టి. 2018 ఆసియా క్రీడల ఫైనల్లో రియో ఒలింపిక్ ఛాంపియన్ దుస్మతోవ్‌ను ఓడించాడు, మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చాడు. ఆ దుస్మతోవ్ కూడా పొడగరి కాదు, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మళ్లీ స్వర్ణం గెలిచాడు. కాబట్టి ఒంటి కొలతలు తీయాలనుకుంటే ఎత్తుతో ఆగిపోకండి. రెండు చేతులూ చాపించి బార కొలవండి. ఎత్తు కంటే బార నాలుగు వేళ్లు ఎక్కువున్న పిల్లలు మా తండాల్లో కనిపిస్తారు. వాళ్లు లైన్లో వెనక నిలబడతారు కాబట్టి ఎవరి కంటా పడరు.

కొలవాల్సింది ఇంకొకటి ఉంది, అది టేపుకు అందదు. పిడిగుద్దు బలం ఒక్క భుజంలోనే లేదు. 1985లో సోవియట్ పరిశోధకులు లెక్క కట్టి చూస్తే, పై స్థాయి బాక్సర్ల దెబ్బలో దాదాపు 38 శాతం కాళ్ల నుంచి, 37 శాతం నడుము-మొండెం తిప్పడం నుంచి వచ్చింది. చేతి వాటా 24 శాతమే. కింది స్థాయి వాళ్లలో కాళ్ల వాటా 16 శాతం దగ్గర ఆగిపోయింది. 2000లో బ్రిటన్‌లో ఒక పరికరంతో కొలిస్తే, మేటి బాక్సర్ల వెనక చేతి దెబ్బ సగటున 4,800 న్యూటన్లు, కొత్తవాళ్లది 2,400 న్యూటన్లకు కాస్త తక్కువ. రెండింతల తేడా. అది ఒక్క కండల తేడా కాదు. పాదంతో నేలను తన్ని, ఆ బలాన్ని తుంటి మీదుగా పిడికిలి దాకా పంపడం వచ్చినవాడికీ రానివాడికీ మధ్య తేడా. అది ఏళ్ల తరబడి నేర్పితే వస్తుంది. పొలం గట్ల మీద, గుట్టల మీద నడిచి బడికొచ్చే పిల్లలకు కాళ్లలో సత్తువ ఉంది. దాన్ని పంచ్‌గా మార్చే మనిషి లేడు, అంతే.

కాళ్ల గురించి మాట్లాడాక ఫ్లోరైడ్ గురించి మాట్లాడకుండా ఉండలేను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన మోకాళ్లతో ఒక తరం మొత్తం బతికింది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని తెలిసి కూడా ఆ బోరు నీళ్లే తాగాల్సి వచ్చింది. మిషన్ భగీరథ 2016లో మొదలైంది. కృష్ణా నీళ్లు నల్లాలోంచి వచ్చాక మాటలు నేర్చిన పిల్లలు ఇప్పుడు ఐదు, ఆరు తరగతుల్లో ఉన్నారు. మా ప్రాంతంలో గట్టి ఎముకలతో, తిన్నని కాళ్లతో పెరిగిన మొదటి గుంపు వీళ్లేనని నేను నమ్ముతున్నాను. సరిగ్గా వీళ్లే మరో ఏడాది రెండేళ్లలో గ్లవ్స్ తొడుక్కోవాల్సిన వయసుకొస్తారు. ఇప్పుడు కాక ఇంకెప్పుడు?

ఇక అసలు సమస్య రక్తం. ఈ లేఖలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాల్సి వస్తే ఇదే గుర్తుపెట్టుకోండి.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం. ఆడవాళ్లకూ ఇప్పుడు ఇదే లెక్క. చూసేవాళ్లకు ఇది బలం పోటీలా ఉంటుంది. లోపల ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం మాత్రం ఆక్సిజన్ మీద నడిచేదే. మూడో రౌండ్‌లో చేతులు కిందికి జారాయంటే ఊపిరి చాలలేదని అర్థం. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 13 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న అమ్మాయికి అందులో 17 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. 9 గ్రాములున్న అమ్మాయికి 12 మాత్రమే. దాదాపు మూడో వంతు తక్కువ. ఇద్దరూ ఒకే బరువు, ఒకే ఎత్తు, ఒకే కోచ్ అయినా సరే, బెల్ మోగకముందే ఒకరు ఓడిపోయారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 33 శాతం. ఇవి హాస్పిటల్ లెక్కలని పక్కన పెట్టేస్తాం కానీ, ఇవి స్పోర్ట్స్ లెక్కలు కూడా. 800 మీటర్ల పరుగులో సగం దూరానికే కూర్చుండిపోయే అమ్మాయిని "స్టామినా లేదు" అని ఇంటికి పంపిస్తున్నాం. ఆమెకు లేనిది స్టామినా కాదు, ఐరన్.

దీనికి కోట్లు అక్కర్లేదు. వారానికోసారి ఇవ్వాల్సిన ఐరన్ మాత్ర ఇచ్చామని రాసుకుంటే సరిపోదు, అది నోట్లో వేసుకుని మింగిందో లేదో ఎవరైనా చూడాలి. ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పిపోకూడదు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని, పప్పులో ఇంత నిమ్మకాయ పిండుకుంటే పడుతుందని తల్లులకు చెప్పాలి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది, మా దగ్గర జొన్న రొట్టె ఉంది, పల్లీలు పండే నేల ఇది. ఆట మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, తక్కువుంటే మూడు నెలలు సరిచేసి, ఆ తర్వాతే పరుగు పందెం పెట్టండి. అప్పుడు లైన్లో ముందుకొచ్చే ముఖాలు మారిపోతాయి.

వయసు సంగతి కూడా ఇలాంటిదే. అమ్మాయిలు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 14 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా పొడుగవుతారు. కొందరికి అది రెండేళ్లు ముందే వస్తుంది, కొందరికి రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. తిండి చాలని ఇళ్లలో ఇంకా ఆలస్యం. దీనికి తోడు మా దగ్గర చాలామంది పుట్టిన తేదీ అంటే బడిలో చేర్చుకునేటప్పుడు రాసిన తేదీయే, అందుకే రిజిస్టర్ తీస్తే జూన్ నెల పుట్టినరోజులు అన్ని కనిపిస్తాయి. కాగితం మీద 13 ఏళ్లున్న ఇద్దరిలో ఒకడికి మీసం మొలుస్తుంటుంది, ఇంకొకడు పాలబుగ్గలవాడు. మొదటివాడు జిల్లా మెడల్ కొడతాడు. రెండోవాడు మళ్లీ గ్రౌండ్‌కే రాడు. బరువు కేటగిరీలు ఈ తేడాను కొంత తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. ఎముక వయసు మణికట్టు ఎక్స్‌రేతో తెలుస్తుంది కానీ, దాన్ని మనం దొంగ వయసు పట్టుకోవడానికే వాడుతున్నాం. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడిని కాపాడుకోవడానికి కూడా వాడొచ్చు.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తు, బరువు, పరుగు, మెడిసిన్ బాల్ విసరడం లాంటివి చూస్తారు. జిమ్నాస్టిక్స్‌కు ఆ వయసు సరైనదే. బాక్సింగ్‌కు అంత తొందర అవసరం లేదు. పెద్దవాళ్లు ఆడే ఎలైట్ విభాగం మొదలయ్యేదే 19 ఏళ్లకు. నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో. మధ్యలో పదకొండేళ్లున్నాయి, 2017లో భుజం గాయంతో ఆటకు దూరమైన కాలమూ ఉంది. అన్నేళ్లు ఆమెను పట్టుకుని నిలబడిన ఇల్లు ఒకటుంది, నిజామాబాద్‌లో ఒక కోచ్ ఉన్నారు.

నిజామాబాద్‌ను గమనించండి. నిఖత్ అక్కడి అమ్మాయి. రెండు కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చిన హుసాముద్దీన్ కూడా అక్కడివాడే. ఇద్దరికీ నేర్పింది హుసాముద్దీన్ తండ్రి శంసాముద్దీన్ గారు. నిజామాబాద్ వాళ్ల ఒంట్లో పాలమూరు వాళ్ల ఒంట్లో లేనిదేదో ఉందని ఎవరైనా అనగలరా? అవే ఎముకలు, అదే తిండి, అదే భాష. ఊళ్లోనే ఉండే గురువు ఒక్కడే తేడా.

హర్యానాలోని భివానీ పట్టణం కథ కూడా ఇదే, కాకపోతే ఇంకా పెద్దది. హవా సింగ్ సైన్యంలో బాక్సింగ్ నేర్చుకుని 1966, 1970 ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచాడు, తర్వాత భివానీలో పిల్లలకు నేర్పాడు. 2008లో బీజింగ్ నుంచి కాంస్యం తెచ్చిన విజేందర్ ఆ ఊరి పక్క పల్లెవాడే. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో మన దేశానికి నాలుగు పతకాలొస్తే నాలుగూ హర్యానా అమ్మాయిలవే. వాళ్లలో రజతం గెలిచిన నూపుర్ హవా సింగ్ మనవరాలు. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన ఆరుగురు భారత బాక్సర్లలోనూ నలుగురు హర్యానా వాళ్లే. 2011 లెక్కల్లో భివానీ జనాభా రెండు లక్షలకు కాస్త తక్కువ. మన మహబూబ్‌నగర్ పట్టణం కూడా దాదాపు అంతే. బాక్సింగ్‌కు హైదరాబాద్ అంత ఊరు కావాలనే వాదన అక్కడే తేలిపోతుంది. ఒక మోస్తరు పట్టణం, సైకిల్ మీద చేరుకోగల రింగ్, కళ్ల ముందు తిరిగే గెలిచిన మనిషి, గెలిస్తే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉంటే పిల్లలు వస్తారు. బావి తవ్వినట్టే ఇది, నీళ్లు పడేదాకా ఒకేచోట తవ్వాలి. ప్రతి ఏడాది కొత్త చోట రెండడుగులు తవ్వి వదిలేస్తే ఎక్కడా తడి తగలదు.

జనాభా గురించే ఇంకో మాట. పారిస్‌లో బాక్సింగ్‌లో ఐదు స్వర్ణాలు గెలిచిన ఉజ్బెకిస్తాన్ జనాభా మన తెలంగాణ జనాభాకు అటూ ఇటూగా సమానం. అన్నేసి దశాబ్దాలు ఒలింపిక్ బాక్సింగ్‌ను ఏలిన క్యూబాలో మనుషులు మనలో మూడో వంతు కూడా లేరు. తల లెక్క ముఖ్యం కాదు. ఆ తలల్లో ఎంతమంది ఒక్కసారైనా రింగ్ తాడు పట్టుకున్నారన్నదే ముఖ్యం. మా డివిజన్‌లో ఆ సంఖ్య దాదాపు సున్నా.

అమ్మాయిల విషయంలో నేను మరింత గట్టిగా అడుగుతాను. 2012లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మూడు బరువులే ఉండేవి, మగవాళ్లకు పది. పారిస్‌కు వచ్చేసరికి ఆడవాళ్లకు ఆరు, మగవాళ్లకు ఏడు అయ్యాయి. లాస్ ఏంజెలెస్‌లో ఏడు, ఏడు. మగవాళ్ల వైపు దారి ఇరుకవుతుంటే అమ్మాయిల వైపు వెడల్పవుతోంది. మరో పక్క, పైన చెప్పిన ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. తొమ్మిదో తరగతి తర్వాత మా బడిలో కనిపించకుండా పోయే అమ్మాయిల ముఖాలు నాకు తెలుసు. ఆటలో మెడల్ వచ్చిన అమ్మాయికి పెళ్లి సంబంధం చూడటానికి ఇంట్లోవాళ్లు తటపటాయిస్తారు. ఇది నా కళ్లతో చూశాను. 2024లో నిఖత్‌కు మీ ప్రభుత్వం డీఎస్పీ పోస్టు ఇచ్చినప్పుడు మా తండాల్లో తండ్రులు దాని గురించి మాట్లాడుకున్నారు. ఉద్యోగాల్లో ఉన్న రెండు శాతం స్పోర్ట్స్ కోటా గురించి మొదటిసారి నన్ను అడిగింది కూడా అప్పుడే.

ఎడమచేతి వాటం పిల్లల గురించి చిన్న మనవి. జనంలో పదిమందిలో ఒకరు పుర్రచెయ్యి వాళ్లు ఉంటే, పై స్థాయి బాక్సింగ్‌లో వాళ్లు అంతకంటే ఎక్కువ కనిపిస్తారు. ఎదుటివాళ్లకు ఆ కోణం నుంచి వచ్చే దెబ్బ అలవాటుండదు కాబట్టి. రింగ్‌లో మేరీ కోమ్ ఆడింది ఎడమచేతి వాటంతోనే. మా ఊళ్లలో ఇప్పటికీ ఎడమ చేత్తో రాసే పిల్లల చేతి మీద కొట్టి కుడి చేతికి మారుస్తున్నారు. టీచర్లకు ఇచ్చే ట్రైనింగ్‌లో దీని గురించి ఒక్క మాట చేర్చండి.

వలస వల్ల వచ్చే చిక్కు కూడా చూడండి. మునుపటంత లేదు కానీ, వానాకాలం పంట అయ్యాక ముంబైకో, హైదరాబాద్‌కో పనికి వెళ్లి ఉగాదికి తిరిగొచ్చే కుటుంబాలు నారాయణపేట, కోస్గి, దేవరకొండ వైపు ఇంకా ఉన్నాయి. స్కూల్ గేమ్స్ సీజన్ కూడా సరిగ్గా అప్పుడే. ఆగస్టులో జాబ్ వేయడం నేర్చుకున్న పిల్లవాడు డిసెంబరులో ఇటుక బట్టీ దగ్గర ఉంటాడు. అందుకే బాక్సింగ్ సెంటర్ అంటే రింగ్ ఒక్కటే కట్టొద్దు. గురుకులాలకు, కస్తూర్బా బడులకు ఆనించి కట్టండి. పిల్లలు ఉండే చోటే, మూడు పూటలా తినే చోటే రింగ్ ఉండాలి. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రాంతీయ స్పోర్ట్స్ స్కూళ్లున్నాయి, ఉండాలి కూడా. దక్షిణాన మహబూబ్‌నగర్‌కు ఒకటి, నల్గొండకు ఒకటి బాక్సింగ్ సెంటర్ అడగడం అత్యాశ కాదని అనుకుంటున్నాను.

కోచ్‌ను కాంట్రాక్టు మీద పది నెలలకు పంపకండి. కనీసం ఎనిమిదేళ్లు ఆ పట్టణంలోనే ఉండేలా, ఇల్లు తీసుకుని పిల్లల్ని అక్కడే బడిలో వేసుకునేలా పోస్టు ఇవ్వండి. మొదటి నాలుగేళ్లు మెడల్స్ అడగకండి. ఎంతమంది పిల్లలు రెండో ఏడాది కూడా వస్తున్నారో అడగండి, వాళ్ల హిమోగ్లోబిన్ ఎంత పెరిగిందో అడగండి. మెడల్స్ కోసం తొందరపెడితే ఏమవుతుందో మాకు తెలుసు. పోటీ రోజు ఉదయం బరువు చూస్తారని ముందురోజు పిల్లల్ని పస్తులుంచుతారు, నీళ్లు కూడా తాగనివ్వరు. అసలే రక్తం తక్కువున్న పిల్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. సెంటర్ల రూల్స్‌లో ఇది రాతపూర్వకంగా నిషేధించండి. హెడ్ గార్డ్, మౌత్ గార్డ్ లేకుండా పిల్లల మధ్య స్పారింగ్ (సాధన కోసం ఎదురెదురుగా తలపడటం) వద్దు. తల తిరుగుతోందన్న పిల్లవాడిని డాక్టర్ చూసి సరేననేదాకా రింగ్ ఎక్కించొద్దు. పిల్లల్ని మా చేతుల్లో పెట్టే తల్లులకు మేం జవాబు చెప్పాలి.

ఈ పనిలో మా వంతు కూడా ఉంది. అనుమతి ఇస్తే వచ్చే జూన్‌లో బడులు తెరిచిన మొదటి నెలలోనే ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లల ఎత్తు, బరువు, బార, వాటం, కూర్చున్న ఎత్తు మేమే కొలిచి రాస్తాం. ఎవరు ఇంకా ఎదగాల్సి ఉందో కూర్చున్న ఎత్తును బట్టి కొంత అంచనా కట్టొచ్చు. రక్త పరీక్షకు పీహెచ్‌సీ సిబ్బందిని పంపితే చాలు. ఆ వివరాలు పట్టుకుని మీ కోచ్‌లు రావాలి, గ్రౌండ్‌లో ముందు వరసలో నిలబడ్డ నలుగురిని చూసి వెళ్లిపోకుండా చివరి వరస దాకా నడవాలి. మండలానికి పది మంది చొప్పున ఎంచినా, ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల్లో వెయ్యికి పైగా పిల్లలవుతారు. ఈ విద్యా సంవత్సరం ముగిసేలోపు మీ నుంచి జవాబు వస్తే, మిగతా వ్యాయామ ఉపాధ్యాయులతో మాట్లాడి కొలతల పని పంచుకోవడానికి మాకు వేసవి సెలవులు సరిపోతాయి.

ఇట్లు,
దేవరకొండ డివిజన్ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు